బర్రె విన్న పాఠం

మొన్న మా కాలేజీ స్టోర్‌రూము ఖాళీ చేయిస్తుంటే, పగిలిన గ్లోబుకీ మూడు కాళ్ల కుర్చీకీ మధ్య, చాపలా చుట్టి నిలబెట్టిన రోలప్ బోర్డు ఒకటి బయటపడింది. అటెండర్ యాదగిరి దాన్ని రెండు చేతులతో దూరంగా పట్టుకుని, "మేడం, గీన్ని పారేద్దామా? ఎలుకలు గూడ ముడతలేవు," అన్నాడు. పారెయ్యమనడానికే నోరు తెరిచాను. ఇంతలో అతను తాడు విప్పాడు. రెక్సిను మీద పూసిన నల్లరంగు, దాంట్లో ఇంకిపోయిన సుద్దపొడి, ఏనాటి వానలోనో తడిసిన తేమ, ఈ మూడూ కలిసిన వాసన ఒకటి గుప్పుమని లేచి, నా అనుమతి అడక్కుండా నన్ను నలభై ఏళ్లు వెనక్కి లాక్కుపోయి, ఆరో తరగతి మూడో బెంచీ మీద కుదేసి, చేతులు కట్టుకోమంది. స్టోర్‌రూము మధ్యలో నిజంగానే చేతులు కట్టుకున్నాను. యాదగిరి చూశాడు కానీ, ఉద్యోగం కావాల్సిన మనిషి గనక తల తిప్పుకుని పగిలిన గ్లోబు తుడవసాగాడు.

నేనిప్పుడు టీచర్లు కాబోయేవాళ్లకి పాఠం చెప్పడం నేర్పుతాను. వాళ్లు బడికి వెళ్లి పిల్లలకి పాఠం చెబుతుంటే వెనక బెంచీలో ముఖం ముడుచుకుని కూర్చుని మార్కులు వేస్తాను. ఈ పనిలో నాకు పాతికేళ్ల అనుభవం ఉందని సర్వీసు రిజిస్టరు చెబుతుంది. అది నాకు అన్యాయం చేసింది. నేను ఆరో తరగతి నుంచే ఈ పనిలో ఉన్నాను.

మా నాన్న యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసేవాడు. చేతికందిన ప్రతి వస్తువుకీ, ఆఖరికి మా నాయనమ్మ తమలపాకుల డబ్బాకి కూడా, ఖాకీ అట్ట వేసి నంబరు రాసేవాడు. మేముండే క్వార్టర్లు తార్నాక వైపు. మా వెనక నుంచి క్యాంపస్ అంతా బండలూ తుప్పలే. పెద్ద బండ ఎక్కితే మౌలాలి గుట్ట కనపడేది, ఇంకాస్త మునివేళ్ల మీద లేస్తే ప్రపంచం అంచు కూడా కనపడేదని నా క్లాసు నేస్తం బాలమణి ఒట్టేసి చెప్పేది. బతుకమ్మకి తంగేడుపూలు, గునుగుపూలు కోసుకు రావడం, సద్దుల రోజు నువ్వుల సద్ది, పెరుగు సద్ది, మలీద ముద్దలు ఎవరింట్లో ఎంత రుచో తేల్చడానికి పద్నాలుగు ఇళ్లు తిరగడం, ఆ తరవాత రెండ్రోజులు కడుపు పట్టుకుని పడుకోవడం, అది తగ్గేసరికి బండల సందుల్లో సీతాఫలాలు కళ్లు తెరవడం, వాటిని గడ్డిలో దాచి పండేదాకా రోజుకి నలభై సార్లు నొక్కి చూసి చంపడం, ఇలా సాగేది మా దసరా కాలం. సరిగ్గా సీతాఫలాలు పండే వారంలోనే మా బడికి బీయీడీ టీచర్లు దిగేవారు.

వాళ్లని చూడాలి! భుజాన తుపాకీలా రోలప్ బోర్డు, సంకలో చార్టులు, చేతిలో రంగు సుద్దముక్కల డబ్బా, ముఖాన పౌడరు, పౌడరు మీద చెమట. ఒక్కొక్కరూ ఇన్నేసి పాఠాలు చెప్పి తీరాలని లెక్క. ఆ లెక్కకి మేం సరుకు. వాళ్ల వెనకే యూనివర్సిటీ నుంచి పరిశీలకుడు వచ్చి ఆఖరి బెంచీలో కూర్చుని, ఒక పొడుగాటి కాయితంలో గడులు నింపేవాడు. మంచి బోధనని ఆ కాయితం, కసాయి మేకని విడదీసినట్టు, ముక్కలుగా విడదీసి పెట్టేది. పాఠ్య ప్రవేశం, ప్రశ్నించే నైపుణ్యం, ఉదాహరణలు, నల్లబల్ల పని, పునర్బలనం, ఉద్దీపన మార్పు. పునర్బలనం అంటే "వెరీగుడ్, కూర్చో" అనడం అని మేం తొందరగానే పట్టేశాం. ఒక సారు మేం తుమ్మినా వెరీగుడ్ అనేవాడు. ఉద్దీపన మార్పంటే పిల్లలు నిద్రపోకుండా టీచరు ఒకేచోట నిలబడక అటూ ఇటూ తిరగడం. ఒకావిడ పాఠం మొత్తం నడుస్తూనే చెప్పింది. ఆ నలభై నిమిషాల్లో ఆవిడ నడిచిన దూరం తిన్నగా వేస్తే అంబర్‌పేట దాటి పోయేది. మేం మెడలు తిప్పలేక సాయంత్రం జండూబామ్ రాసుకున్నాం.

ఇన్నేళ్లు ఇంతమందిని చూశాక మాకూ ఒక కాయితం కావాలనిపించింది. దాన్ని తయారుచేసింది బాలమణి. బాలమణిది మాణికేశ్వర్ నగర్. వాళ్లకి రెండు బర్రెలు. మా క్వార్టర్లకి పాలు వాళ్లవే. బాలమణి గొంతు ఎత్తితే తార్నాక చౌరస్తాలో బస్సులు ఆగేవని నేను అంటాను; కాదనేవాళ్లు ఎవరూ ఇప్పటిదాకా ముందుకు రాలేదు. సాయంత్రాలు తొక్కుడుబిళ్ల, అష్టాచెమ్మా విసుగొచ్చాక మా అరుగు మీద టీచరాట మొదలయ్యేది. బాలమణి ఒక్కో టీచరునీ నడక, దగ్గు, కొంగు సర్దుకోవడంతో సహా దించేది. నేను మా నాన్న అట్ట వేసిన నోటుబుక్కులో మార్కులు వేసేదాన్ని. మా గడులు వేరు: సుద్దముక్క విసిరితే గురి ఎంత, పేరు పెట్టి పిలుస్తదా, "ఏయ్ ఎర్రగౌను" అంటదా, నవ్వొస్తే నవ్వుతదా, ఆపుకుంటదా, తెల్వనిది అడిగితే తెల్వదంటదా, తిడతదా. ఈ ఆఖరి గడిలో చాలామందికి గుండుసున్నా. మా నాయనమ్మ తమలపాకు నములుతూ పక్కన కూర్చుని పైస్థాయి తనిఖీ చేసేది. "గా పొడుగాయన పిల్లలకు చెప్తలేడే పద్దమ్మా, గోడకు చెప్తుండు. సున్నా ఎయ్యి," అనేది. వేసేదాన్ని.

ఆ ఏడు వచ్చింది అండాలు టీచరు. జనగామ అవతల ఊరు. బాలమణి వాళ్లింట్లోనే వెనక గది అద్దెకి తీసుకుంది. మొదటి రోజు క్లాసులోకి వచ్చి, చార్టు తగిలించే ముందే, మా నలభై ముగ్గురి పేర్లూ అడిగింది. రెండో రోజు ఒక్కటీ తప్పకుండా పిలిచింది. మేం నోళ్లు తెరిచాం. వెనక బెంచీ సత్యం అయితే, తన పేరు ఒక టీచరు నోటి నుంచి తిట్టు లేకుండా రావడం అదే మొదటిసారి కావడంతో, లేచి నిలబడి ఏం చేయాలో తెలీక మళ్లీ కూర్చున్నాడు. ఆ మర్నాడు నేను లేచి, "టీచర్, సీతాఫలం కళ్లు తెరిస్తెనే పండుతది, మామిడికాయకు కళ్లెందుకు లేవు?" అని అడిగాను. ఎవరికైనా పెట్టే పరీక్షే అది. ఆవిడ సుద్దముక్క చేతిలో తిప్పుకుంటూ, "నాకు తెల్వది పద్మా. తెల్సుకొని రేపు చెప్త," అంది. రేపు చెప్పింది కూడా. ఆ సాయంత్రం మా నోటుబుక్కులో పదికి పదిహేను వేశాను. నాయనమ్మ అభ్యంతరం చెప్పలేదు.

అయితే ఆవిడ కష్టం బాలమణి చెబితే తెలిసింది. "పోయినేడు టీచరు ఫెయిలయ్యిందే పద్దూ. ఆఖరి పాఠంల సారును చూసి బయపడి బోర్డు దిక్కు తిరిగింది, గంట కొట్టెదాంక ఇటు తిరగలె. ఈసారి గూడ పోతే ఊళ్లె వాళ్లన్న కిరాణ దుకాణంల కూసుంటదంట. మా అమ్మకు చెప్పుకుంట ఏడ్చింది." అందుకే అండాలు టీచరు రోజూ పొద్దున్నే వెనక దొడ్లో రోలప్ బోర్డు తగిలించి, వాళ్ల పెద్దబర్రెకి పాఠం చెప్పేదట. విత్తనాల వ్యాప్తి. ఆరు ప్రశ్నలు, ఆరు జవాబులు. పాలు పితికే వేళ అది విని విని బాలమణికి కంఠతా వచ్చేసింది. వాళ్లమ్మకి వచ్చేసింది. బర్రె కూడా నాలుగో ప్రశ్న దగ్గర తల ఊపేదని చెప్పుకునేవారు.

ఆఖరి పాఠానికి వారం ముందు ఉత్తుత్తి పాఠం ఒకటి జరిగింది. ఆ రోజు ఆవిడ ప్రశ్న అడిగితే మాలో ఒక్కరూ చెయ్యెత్తలేదు. జవాబు రాక కాదు, ఆవిడ కట్టుకున్న నెమలికంఠం రంగు చీర చూస్తూ ఉండిపోయాం. పరిశీలకుడు ఓబులేసు సారు, కడప మనిషి, తార్నాకలో ఉండేవాడు, ప్రశ్నల గడిలో గీత కొట్టి, "ఏందమ్మా, క్లాసులో పిల్లోళ్లున్నారా, బొమ్మలున్నాయా?" అన్నాడు. ఆవిడ ముఖం వాడిపోయింది. తప్పు మాది, శిక్ష ఆవిడకి. ఆ బాధతో మా అరుగు మీద ఆ సాయంత్రం ఒక మహాసభ జరిగింది. ఆరు ప్రశ్నల్నీ ఆరుగురికి నేనే పంచాను, నంబర్లు నేనే రాశాను. మా నాన్న కూతుర్ని కదా. ఆలోచిస్తే తడబాటు వస్తుందని నియమం కూడా నేనే పెట్టాను. బాలమణి దాన్ని తార్నాక దాకా వినిపించేలా చాటింది: "ప్రశ్న ఇనకుర్రి! ఇంటే ఖరాబైతది! మీ నంబర్ రాంగనే లేశి చెప్పుర్రి!" టీచరుకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఆశ్చర్యపరచాలని.

ఆశ్చర్యపరిచాం.

పరీక్ష రోజు ఓబులేసు సారు ఆలస్యంగా వచ్చాడు. స్కూటరు పంక్చరైందట, తార్నాక నుంచి అడ్డదారిన తుప్పల్లోంచి నడిచి, చెమటలు కక్కుతూ వచ్చి, "కానీమ్మా," అని వెనక కూర్చున్నాడు. అప్పటికే అండాలు టీచరు మొదటి ప్రశ్న అడిగింది: చెట్టు కింద రాలిన గింజలన్నీ అక్కడే మొలిస్తే ఏమవుతుంది? ఒకటో నంబరు జయ లేచి, "ఎండా నీళ్లూ సరిపోవు టీచర్!" అంది. టీచరు ముఖం వెలిగింది. ఆ వెలుగులోనో, సారు వచ్చిన కంగారులోనో, రెండో ప్రశ్న, గాలికి ఎగిరే గింజలది, ఆవిడ మర్చిపోయి నేరుగా మూడోదానికి వెళ్లింది. "నీటి మీద తేలుతూ ప్రయాణం చేసే కాయ ఏది?"

రెండో నంబరు సత్యం జీవితంలో మొదటిసారి ధైర్యంగా లేచాడు. "జిల్లేడు!"

టీచరు కళ్లు మిటకరించింది. సరే అనుకుని నాలుగోది అడిగింది. "ఎండిపోయి, పేలి, గింజల్ని దూరంగా చిమ్మేది?" మూడో నంబరు బాలమణి. కిటికీ మీది పావురాలు ఎగిరిపోయేలా, "కొబ్బరికాయ టీచర్!"

ఓబులేసు సారు కలం ఆగింది. "టెంకాయ పేలుతుందా పాపా? యాడ పేలింది? మా కడపలో ఎప్పుడూ పేలలేదే!"

బాలమణి నియమం తప్పే మనిషి కాదు. "గీడ పేల్తది సార్!" అని కూర్చుంది.

టీచరు చార్టు వైపు చూసుకుని ముందుకే వెళ్లింది. ఐదోది. "జంతువుల ఒంటికి అంటుకుని పోయేవి?" నాలుగో నంబరు లేచి, "బెండకాయలు!" బెండకాయలు అంటించుకుని తిరుగుతున్న గేదెని తలచుకుని రెండు బెంచీలు కిచకిచలాడాయి. ఆఖరి ప్రశ్న. "మనం తిని, గింజలు ఉమ్మేస్తే మొలిచేది?" ఐదో నంబరు నేను. ప్రశ్న విన్నాను. వినకూడదని నేనే చెప్పి నేనే విన్నాను. జవాబు సీతాఫలం అని తెలుసు, పొద్దున తిన్నది ఇంకా చేతివేళ్ల మీద వాసన వస్తోంది. కానీ నంబరు నంబరే. "ఉత్తరేణి, టీచర్," అన్నాను.

ఉత్తరేణి గింజలు తింటారని విన్న సారు ఎర్రకలం తీశాడు. అండాలు టీచరు మమ్మల్ని ఒకసారి చూసింది. కోపం లేదు, అదే భరించలేకపోయాం. మెల్లగా బోర్డు వైపు తిరిగింది. సుద్దముక్క బోర్డు మీద ఆనించింది, గీత పడలేదు. మాకు ఆవిడ వీపే కనపడుతోంది, నిరుటి వీపు. కిరాణా దుకాణంలో చక్కెర పొట్లాలు కడుతున్న టీచరు నా కళ్లకి కట్టింది. అదంతా నా నంబర్ల వల్లే. కూర్చోమనేవాళ్లు లేక నిలబడే ఉన్నాను. ఎటు చూడాలో తెలియక వెనక్కి చూశాను. అప్పుడు కనపడింది. ఓబులేసు సారు తెల్లప్యాంటు మోకాళ్ల కింది నుంచి మడమల దాకా, ముళ్లపంది అరువిచ్చినట్టు, ఉత్తరేణి గింజలు.

"టీచర్," అన్నాను. "ఉత్తరేణి సారు ప్యాంటుకున్నది."

క్లాసు మొత్తం తిరిగింది. సారు తన కాళ్లకేసి చూసుకున్నాడు. అండాలు టీచరు కూడా తిరిగింది. చూసింది. ఆపుకోబోయింది, ఆగలేదు, ముక్కులోంచి తన్నుకొచ్చిన నవ్వు బయటపడింది. ఆ నవ్వుతోపాటే బర్రెకి చెప్పిన పాఠం మొత్తం ఆవిడ నెత్తి మీంచి దిగిపోయినట్టుంది, పుస్తకం భాష వదిలేసి అడిగింది. "గవి గాడికి ఎట్లొచ్చినయిరా సత్యం?"

"సారు తుప్పలకెల్లి వొచ్చిండు టీచర్!"

"మరి గింజకు కాళ్లున్నయా?"

"సారు కాళ్లే దానియి!" అన్నాడు సత్యం. ఎవరూ నేర్పని జవాబు, ఏ నంబరూ లేని జవాబు.

"సార్, మీరు ఏమనుకోకుంటె జర ముందుకొస్తరా?" అంది టీచరు. ఓబులేసు సారు, వేలమందిని వణికించిన మనిషి, కొత్త పెళ్లికొడుకులా లేచి వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. వరసగా వచ్చి ఒక్కో గింజ పీకి, అరచేతిలో పెట్టుకుని, దానికున్న కొక్కేలు చూశాం. ఈ సారు ఇప్పుడు అంబర్‌పేట పోతే ఉత్తరేణి ఎక్కడ మొలుస్తుంది? బర్రె తుప్పల్లోకి పోతే? జిల్లేడుకి సారు ప్యాంటుతో పనుందా? మరి అదెలా పోతుంది? ఒక ప్రశ్నకి ఇంకో ప్రశ్న పుట్టింది, చేతులన్నీ లేచాయి, కొన్ని రెండేసి లేచాయి. బాలమణి లేచి, "టీచర్, కొబ్బరికాయ పేలదు, తేల్తది. నేనే తప్పు చెప్పిన," అని తనంతట తను ఒప్పుకుంది. ఇంక ఆగలేక నంబర్ల సంగతి నేనూ చెప్పేశాను. సారు ఒక కాలు ఎత్తి గింజలు పీకించుకుంటూనే, "ఓహో, ఇదంతా నీ పనా తల్లీ," అన్నాడు. గంట కొట్టినా ఎవరం కదలలేదు.

తరవాత ఆ కాయితాన్ని పెద్దటీచరు గదిలో ఇమ్మని సారు బాలమణికీ నాకూ ఇచ్చాడు. మడత పెట్టలేదు. చదవమనే ఇచ్చాడని ఇప్పుడు అనుకుంటున్నాను. వరండా మలుపులో ఆగి చదివాం. ప్రశ్నించే నైపుణ్యం దగ్గర ఐదుకి ఒకటి వేసి, కొట్టేసి, నాలుగు వేశాడు. బోధనోపకరణాలు అన్న గడిలో, అందమైన దస్తూరీతో, "పరిశీలకుని ప్యాంటు" అని ఉంది. అడుగున రెండే వాక్యాలు: "మొదటి పదిహేను నిమిషాలు పిల్లలు పాఠం అప్పజెప్పారు. ఆ తరువాత ఈమె పాఠం చెప్పింది." పాస్.

ఫలితాలు వచ్చిన రోజు అండాలు టీచరు తార్నాక మిఠాయి దుకాణం నుంచి బాలూషాలు తెచ్చి, మొదటిది బర్రెకి పెట్టి, మిగతావి మాకు పంచింది.

ఇప్పుడా బర్రెల దొడ్డి స్థానంలో నాలుగంతస్తుల హాస్టలుంది. పాలు ప్యాకెట్లలో వస్తాయి, వాటికి ఏ పాఠమూ రాదు. మా బండ పక్కనే పార్కింగ్, తుప్పలు కొట్టేసి సిమెంటు పలకలు పరిచారు. క్యాంపస్ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచినా బట్టలకి ఒక్క గింజ అంటుకోదు. నా చేతిలో కాయితం బదులు ట్యాబ్ ఉంది, దాంట్లో నలభై రెండు గడులు, ఒక్కోదానికి ఐదు నక్షత్రాలు. అందులో "తెల్వనిది తెల్వదంటదా" అనేది ఇప్పటికీ లేదు. పిల్లలు మాత్రం అలాగే ఉన్నారు. వెనక కూర్చుని నేను టీచరుకి మార్కులేస్తుంటే, వాళ్లు మా ఇద్దరికీ వేస్తున్నారని వాళ్ల చూపుల్లోనే తెలిసిపోతుంది.

రోలప్ బోర్డుని పారెయ్యనివ్వలేదు. నా గదిలో మూల నిలబెట్టుకున్నాను. నిన్న శ్రావణి అనే అమ్మాయి ఆఖరి పాఠం. వారం ముందు ఉత్తుత్తి పాఠంలో ఆ పిల్లని చూశాను. స్లైడుల వైపే తిరిగి నాకు వీపు చూపించింది. అందుకని పొద్దున్నే బయల్దేరి, రైలు పట్టాల గోడ వెంబడి ఇంకా మిగిలిన ఒకే ఒక్క తుప్పల వరస కోసం కిలోమీటరు చుట్టు తిరిగి, దాంట్లోంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచి బడికి చేరాను. పాఠం భిన్నాలు. అయితేనేం, గింజల్ని లెక్కపెట్టొచ్చు, సగం చేయొచ్చు, పావు చేయొచ్చు.

కాలేజీ నుంచి నా ట్యాబ్ తెచ్చి బడి గేటు దగ్గర నిలబడ్డ యాదగిరి నన్ను చూసి కంగారుపడ్డాడు. "అయ్యో మేడం, చీర కుచ్చిళ్లకు అంత ఉత్తరేణి అంటుకున్నది! ఆగుర్రి, దులుపుత."

"ముట్టకు యాదగిరీ," అన్నాను. "క్లాసు అయ్యేదాంక ఉండనియ్యి."